ఆక్సు బిల ప్రవేశం: టీకా తాత్పర్య సహితం

అవతారిక

సులభమైన కావ్యానికి టీకతో పని లేదు. భారవి కిరాతార్జునీయం అంత తేలిగ్గా కొరుకుడు పడదు కాబట్టే మెదకు సీమలోని కొలిచారం పండితుడు మల్లినాథసూరి దానికి వ్యాఖ్య రాసి 'ఘంటాపథం' అని పేరు పెట్టాడు. ఏనుగులు గంటల మోతతో సాగిపోయేంత వెడల్పాటి బాట అని అర్థం. అయితే ఆ మహానుభావుడికి మన కాలపు దుర్గమ కావ్యం ఒకటి తారసపడలేదు. అది స్టీరియో యాంప్లిఫయరు వీపు. ముఖాన ఉన్న నాలుగు నాబ్‌లు పసిపిల్లలకైనా అర్థమవుతాయి. వీపున మాత్రం వరసకు వరస రంధ్రాలు, ఆవగింజంత ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద ఏళ్ల తరబడి పట్టిన బూజు. పైగా ఆ పెట్టెను గోడకు ఆనించి పెట్టడం గృహస్థ ధర్మం గనక, ఆ కావ్యాన్ని మూలంలో చదివినవారు అరుదు.

సందర్భం ఇది. 1979 జులై 1న సోనీ వాక్‌మన్ జపాన్‌లో అమ్మకానికి వచ్చి పాటకు కాళ్లు ఇచ్చింది. 2001 అక్టోబరు 23న ఆపిల్ సంస్థ ఐపాడ్‌ను ప్రకటించి, వెయ్యి పాటలు జేబులో పడతాయంది. తర్వాత ఫోను వచ్చి జేబులోని తక్కినవాటన్నిటినీ మింగేసింది. ఇప్పుడు జేబులో పాట ఉంది, వినేవి రెండు చెవులే. హాల్లోని పెట్టెకు ఇంటిల్లిపాదికీ చాలిన గొంతు ఉంది, పాడటానికి పాట లేదు; దాని క్యాసెట్ల రీళ్లు ఎప్పుడో తెగాయి. ఈ ఇద్దరికీ ముడి వేయడానికే కింది రెండు పద్యాలు. కవి ఎవరని అడగవద్దు. కవీ వ్యాఖ్యాతా ఒకరే అయినచోట లోపాలన్నీ విశేషాలవుతాయి, అంతే. టీక పేరు 'తంత్రీపథం'.

మూలం: 1

తే. జేబు పెట్టెలో పాటనుఁ జేర్పవలయు
గదిని గల పెద్ద పెట్టెకుఁ; గట్టు తీగ;
ఫోనొ బిలమునుఁ గనియునుఁ బోక, యాక్సు
నందు నిలుపుము తెల్లెఱ్ఱ నామములను.

ప్రతిపదార్థం

జేబు పెట్టెలో = ఐపాడో, ఎంపీత్రీ ప్లేయరో, పాత ఫోనో, జేబులో పట్టే యంత్రంలోని; పాటనుఁ = ఘంటసాలనో, బాలమురళినో, నిన్న వచ్చిన సినిమా పాటనో; గదిని గల = హాల్లో టీవీ పక్కన అల్లిక గుడ్డ కప్పుకుని ఉన్న; పెద్ద పెట్టెకుఁ = స్టీరియో యాంప్లిఫయరుకు; చేర్పవలయు = అందించాలి; తీగ కట్టు = అందుకు తీగ కలుపు; ఫోనొ బిలమునుఁ = 'ఫోనో' అని రాసి ఉన్న రంధ్రాన్ని; కనియునుఁ = కళ్లారా చూసి కూడా; పోక = అటు పోకుండా; ఆక్సునందు = 'ఆక్స్' అన్న రంధ్రాల జంటలో; తెల్లెఱ్ఱ నామములను = తెలుపు, ఎరుపు తలలున్న పిన్నులను; నిలుపుము = అడుగంటా దిగేలా నొక్కు.

తాత్పర్యం

జేబు యంత్రపు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి యాంప్లిఫయరు ఆక్స్ రంధ్రాలకు ఒక్క తీగ వేస్తే పాట హాల్లో మోగుతుంది. ఇంతకు మించి రహస్యమేమీ లేదు. ఇంత చిన్న సంగతికి ఇంత వ్యాఖ్య ఎందుకంటే, చిన్న సంగతుల దగ్గరే మనుషులు తప్పు రంధ్రం వెతుక్కుంటారు.

విశేషాలు

'తీగ': ఇది ఒక తల, రెండు తోకలు గల జీవి. ఒక చివర 3.5 మిల్లీమీటర్ల పిన్ను, రెండో చివర రెండు ఆర్‌సీఏ పిన్నులు. కోఠీ గుజరాతీ గల్లీలో 'ఈపీ స్టీరియో టు టూ ఆర్‌సీఏ' అంటే దుకాణదారు తలెత్తకుండానే తీసిస్తాడు. 3.5 పిన్ను మీద రెండు నల్ల గీతలుంటాయి. అవి దాన్ని మూడు ఖండాలు చేస్తాయి. కొన ఎడమ గొంతుది, నడుమ ఉంగరం కుడి గొంతుది, మొదలు ఇద్దరికీ ఉమ్మడి. ఒక్క గీతే ఉంటే అది మోనో పిన్ను. దుకాణం దాటకముందే తిరిగి ఇచ్చేయాలి.

'తెల్లెఱ్ఱ నామములు': తెలుపు ఎడమ, ఎరుపు కుడి. కొన్ని తీగల్లో తెలుపు స్థానంలో నలుపు ఉంటుంది, ధర్మం అదే. తారుమారు చేస్తే యంత్రం చెడదు. కచేరీలో వయొలిన్‌ మృదంగం చోటికీ, మృదంగం వయొలిన్ చోటికీ మారి కూర్చుంటాయి, అంతే. పసుపు నామం కూడా కనిపిస్తే అది బొమ్మకు సంబంధించినది. పాటకు దానితో పని లేదు.

'కనియునుఁ': ఈ మాట యతి కోసం ఇరికించారని ఒక అపవాదు ఉంది. కాదు. చాలా యాంప్లిఫయర్లలో ఫోనో రంధ్రాలే వరసలో మొదట ఉండి, చేతికి ముందుగా తగులుతాయి. ఫోను నుంచి వచ్చే తీగ కదా, ఫోనో అన్నచోట పెట్టడమే న్యాయమని బుద్ధి కూడా చెబుతుంది. చూసి కూడా వదలమని కవి హెచ్చరిక.

వదలడం ఎందుకు? ఫోనో అంటే గ్రామఫోన్ రికార్డు తిప్పే యంత్రానికి కేటాయించిన ద్వారం. రికార్డు గాడిలో సూది కదిలితే కార్ట్రిడ్జిలో పుట్టేది 5 మిల్లీవోల్టుల పాటి విద్యుత్తు. దాన్ని ఆ ద్వారం దాదాపు వంద రెట్లు పెంచుతుంది. అంతేకాదు, రికార్డు కోసేటప్పుడు బేసును తగ్గించి, సన్నని స్వరాలను పెంచి కోస్తారు. 1954లో స్థిరపడిన ఆర్‌ఐఏఏ పద్ధతి అది. ఫోనో ద్వారం దానికి విరుగుడుగా బేసును పెంచి, సన్నని స్వరాలను తగ్గిస్తుంది. జేబు పెట్టె నుంచి వచ్చేదేమో కొన్ని వందల మిల్లీవోల్టులు, అప్పటికే చక్కదిద్దిన పాట. దాన్ని ఫోనోలోకి పంపితే గొంతు బొంగురుపోయి, మాట చిట్లి, బేసు ఉబ్బి, శాస్త్రీయ సంగీతం కూడా ఊరేగింపు లారీ మీది పాటలా వినిపిస్తుంది.

శంకలు, సమాధానాలు

శిష్యుడు: గురువుగారూ, ఆ ఆర్‌సీఏ పిన్నులనే ఫోనో ప్లగ్గులని కూడా అంటారు కదా. ఫోనో ప్లగ్గు ఫోనోలోకి పోకూడదంటారేమిటి?

గురువు: నాయనా, ఆర్‌సీఏ అంటే రేడియో కార్పొరేషన్ ఆఫ్ అమెరికా. రికార్డు యంత్రాన్ని రేడియో పెట్టెకు కలపడానికి ఆ సంస్థ ఈ పిన్నును వాడింది. అందుకని ఇంటిపేరు అలా మిగిలింది. ఇప్పుడది సీడీ ప్లేయరుకూ, టేపు డెక్కుకూ, ట్యూనరుకూ కూడా పని చేస్తోంది. ఇంటిపేరు చూసి వృత్తి నిర్ణయించకూడదు.

శిష్యుడు: మా యాంప్లిఫయరు మీద ఆక్స్ అన్న మాటే లేదు.

గురువు: సీడీ, ట్యూనరు, టేపు అన్నవాటిలో ఏదున్నా సరే. అన్నీ ఆక్స్‌లాగే లైన్ లెవెల్ ద్వారాలే. టేపు దగ్గర మాత్రం రెండు జతలుంటాయి. 'ప్లే' లేక 'ఇన్' అన్నది లోపలికి, 'రెక్' లేక 'ఔట్' అన్నది బయటికి. మనకు కావలసింది లోపలికి. ఆర్‌సీఏకు బదులు అయిదు కన్నాల గుండ్రటి డిన్ ద్వారం గల పాత పెట్టె అయితే, దానికి తగిన మార్పిడి పిన్ను అడుగు.

శిష్యుడు: ముందువైపే హెడ్‌ఫోన్ రంధ్రం ఉంది. పెట్టెను గోడ దగ్గర్నుంచి జరపకుండా అక్కడే గుచ్చితే?

గురువు: అది బయటికి పోయే ద్వారం. నీ జేబు పెట్టెదీ బయటికి పోయే ద్వారమే. రెండు నిష్క్రమణలను కలిపితే ప్రవేశం పుట్టదు. ఆ రంధ్రం తరచు 6.35 మిల్లీమీటర్లది, టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటర్లు గుచ్చిన పిన్ను కొలత అది. మార్పిడి పిన్ను పెట్టి దూర్చినంత మాత్రాన పాట లోపలికి పోదు.

శిష్యుడు: పోనీ, స్పీకరు తీగలు తగిలించే చోట?

గురువు: అటు చూడకు. అక్కడి నుంచి వచ్చే శక్తికి నీ జేబు పెట్టె బూడిదవుతుంది.

శిష్యుడు: ఇయర్‌ఫోన్ కోసం పుట్టిన రంధ్రం. యాంప్లిఫయరును మోయగలదా?

గురువు: మోయడమే తేలిక. ఇయర్‌ఫోన్ నిరోధం సాధారణంగా 16 లేక 32 ఓములు. ఆక్స్ ద్వారపు నిరోధం పది వేల ఓముల పైమాట. నిరోధం ఎంత ఎక్కువైతే అడిగే కరెంటు అంత తక్కువ. చిన్న పెట్టెకు ఇది విశ్రాంతి కింద లెక్క.

మూలం: 2

ఆ. చిన్న దాని గొంతు చివరంట పెంచకు;
మూడు పాళ్లు పెంచి మొదట నిలుపు;
పెద్ద దాని చెవిని పిదపను మెలిపెట్టు;
గుఱ్ఱు మనిన వెంటఁ గుంజు ఛార్జి.

ప్రతిపదార్థం

చిన్న దాని గొంతు = జేబు పెట్టె వాల్యూము; చివరంట = ఆఖరి గీత దాకా; పెంచకు = ఎక్కించకు; మొదట = ముందుగా; మూడు పాళ్లు పెంచి = నాలుగింట మూడు వంతులు ఎక్కించి; నిలుపు = ఆపు; పిదపను = ఆ తర్వాతే; పెద్ద దాని చెవిని = యాంప్లిఫయరు వాల్యూము నాబ్‌ను; మెలిపెట్టు = మెల్లగా తిప్పు; గుఱ్ఱు మనిన వెంటఁ = స్పీకర్లలో హమ్ అనే మోత రాగానే; ఛార్జి గుంజు = జేబు పెట్టెకు పెట్టిన ఛార్జర్ పీకు.

తాత్పర్యం

ఒకే పాటకు రెండు వాల్యూములు కావడంతో, ఇంట్లో ఇద్దరు పెద్దలున్నప్పటి చిక్కే ఇక్కడా వస్తుంది. చిన్నదాని గొంతు మరీ తగ్గిస్తే పెద్దదాన్ని మరీ పెంచాలి; అప్పుడు పాటతో పాటు 'సుయ్' మనే రొద కూడా పెరుగుతుంది. చిన్నదాన్ని నెత్తికెక్కిస్తే కొన్ని యంత్రాల్లో పాట చిట్లుతుంది. మూడు వంతుల దగ్గర ఆపి, మిగిలిన పెత్తనం పెద్దదానికి అప్పగించడం ఉత్తమం.

విశేషాలు

పద్యంలో చోటు చాలక కవి విడిచిన విధులు మూడు. ఒకటి, పిన్ను గుచ్చే ముందు యాంప్లిఫయరు వాల్యూము సున్నాకు దించాలి. లేకుంటే స్పీకర్లు 'ఢాం' అంటాయి, వంటింట్లోంచి ఎవరో ఒకరు పరుగెత్తుకొస్తారు. రెండు, సెలెక్టరు నాబ్‌ను ఆక్స్ మీదికి తిప్పాలి. అన్నీ సరిగ్గా పెట్టి ఈ ఒక్కటి మరిచి, తీగను తిట్టడం లోకాచారం. మూడు, జేబు పెట్టెలోని బేస్ బూస్ట్, ఈక్వలైజరు ఆపేయాలి. అవి చెవి గొట్టాల లోపం పూడ్చడానికి పెట్టినవి.

'గుఱ్ఱు': ఇది మన కరెంటు సొంత గొంతు. ఇంటికి వచ్చే విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఊగుతుంది. అమెరికాలో పిల్లల ఇంటికి వెళ్లి ఇదే పని చేస్తే 60 సార్ల శ్రుతిలో గుర్రుమంటుంది. ఛార్జర్ ఒక దారినీ, యాంప్లిఫయరు మరో దారినీ భూమిని అందుకుంటే, రెండింటినీ కలిపిన తీగతో ఒక వలయం ఏర్పడి ఆ ఊపు పాటలోకి దిగుతుంది. దీన్ని గ్రౌండ్ లూప్ అంటారు. ఛార్జర్ తీస్తే వలయం తెగుతుంది, మోత ఆగుతుంది. ఛార్జింగు తప్పనిసరైతే రెండింటినీ ఒకే ప్లగ్గుబోర్డుకు పెట్టి చూడాలి. అప్పటికీ పోకపోతే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న డబ్బాను తీగ మధ్య పెట్టాలి. అందులోని ట్రాన్స్‌ఫార్మర్లు పాటను పోనిచ్చి, వలయాన్ని తెంచుతాయి.

అర్థాంతరం: 'గుంజు ఛార్జి' అన్నచోట 'మెకానిక్ ఛార్జీ గుంజును' అని కొందరు అన్వయిస్తారు. గుర్రుమంది కదా అని మెకానిక్‌ను పిలిస్తే, అతను వచ్చి ఛార్జర్ పీకి, వచ్చినందుకు ఛార్జీ గుంజుతాడని భావం. వ్యాకరణం దీనికీ అడ్డు రాదు. అనుభవజ్ఞులు ఈ అర్థమే గ్రాహ్యమంటున్నారు. అలంకారం శ్లేష.

శేష వ్యాఖ్య

2016లో వచ్చిన ఐఫోన్ 7 తర్వాత జేబు పెట్టెలకు రంధ్రం మూసుకుపోవడం ఊపందుకుంది. అప్పుడీ పద్యాలు చెల్లవా? చెల్లుతాయి. ఛార్జింగు ద్వారానికి తగిలించే డాంగిల్ ఉంది. అంకెల్లో ఉన్న పాటను విద్యుత్తుగా మార్చి 3.5 రంధ్రాన్ని తిరిగి ఇస్తుంది. తీగే వద్దనుకునేవారికి బ్లూటూత్ రిసీవర్ ఉంది. పాటను కొంత నలిపి గాలిలో పంపుతుంది. ఆ నలుగుడు చాలామంది చెవులకు పట్టదు. అయినా ఆ రిసీవర్ నుంచి యాంప్లిఫయరుకు మళ్లీ తీగే, తెల్లెఱ్ఱ నామాలే, ఆక్సు బిలమే. మతం ఏదైనా మోక్షద్వారం ఒకటే.

ఫలశ్రుతి

ఈ పద్యాలను యాంప్లిఫయరు వెనక టార్చిలైటు వేసుకుని చదివినవారికి బూజు వదులును, ఆక్స్ దొరుకును, తెల్లవారుజామున సుప్రభాతం రెండు స్పీకర్లలో మోగును. రాత్రి పది దాటాక మోగించినవారికి పొరుగింటివారి దర్శనం కలుగును.

చదువరులకు మనవి ఒక్కటే. పాత స్టీరియోను పాత సామాన్లవాడి తక్కెడలోకి ఎత్తే ముందు ఒకసారి వెనక్కి తిప్పి చూడండి. ఆక్స్ ఉంటే తీగ కొనండి, పెట్టె అమ్మకండి.