రైలు లేని ఊళ్లో రైలు పట్టా

నేను రైలు పట్టా ముక్కను. నేనున్న ఊరికి రైలు లేదు. తిరువూరు నుంచి ఎవరు రైలెక్కాలన్నా విజయవాడకో, ఖమ్మానికో, మధిరకో బస్సులో పోవాల్సిందే. మూరెడు పొడవున కోసిన నన్ను బెజవాడ పాత ఇనుము కొట్లోంచి లారీ మీద తెచ్చారు. ఒకప్పుడు పక్క పట్టాతో నన్ను కలిపి బిగించిన బోల్టు బెజ్జంలోంచే గొలుసు దూర్చి, డిగ్రీ కాలేజీ ఆవరణలో వేపకొమ్మకు వేలాడదీశారు. ఆ రోజు నుంచి నేను గంటను.

పీరియడ్‌కొకసారి అటెండరు వచ్చి ఇనుప కమ్మీతో కొట్టేవాడు. మొదటి పీరియడ్‌కు ఒకటి, రెండోదానికి రెండు, సాయంత్రం లాంగ్ బెల్. ఇప్పుడు వరండాలో కరెంటు గంట ఉంది. కరెంటు పోయినప్పుడే నాతో పని. అయినా నా కింద సిమెంటు బల్ల ఉంది. బస్సు కోసం ఆగిన పిల్లలు అక్కడే కూర్చుంటారు. వాళ్ల మాటలన్నీ నాకు వినబడతాయి. కొత్తగా డిగ్రీలో చేరిన పిల్లలకూ, వాళ్లను పంపిన ఇళ్లకూ ఒక మాట చెప్పాలని చాలా రోజులుగా ఉంది. గంటను కాబట్టి గంటల గురించే చెబుతాను.

నేను కొమ్మకెక్కిన కొత్తలో డిగ్రీలో ఎంచుకోవడానికి ఉన్నది ఒకే ఒక్కటి. 'ఏ గ్రూపు?' అంటే ఎంపీసీ, బీజెడ్‌సీ, హెచ్‌ఈపీ, బీకాం. ఆ మాట చెప్పాక మూడేళ్లూ అదే దారి. ప్రశ్నపత్రాలు నాగార్జున యూనివర్సిటీ నుంచి వచ్చేవి. 2008లో మచిలీపట్నంలో కృష్ణా యూనివర్సిటీ వచ్చాక అక్కడి నుంచి రావడం మొదలైంది. ఏడాదికి ఒకే పరీక్ష, అదీ ఎండలు ముదిరే వేళకు. దసరా దాకా పుస్తకం తెరవని కుర్రాడు కూడా సంక్రాంతి తర్వాత కూర్చుని గట్టెక్కేవాడు. అలాంటి వాళ్లను చాలామందిని చూశాను.

2015-16లో కోర్సులు ఎంచుకుని క్రెడిట్లు లెక్కించే సీబీసీఎస్ పద్ధతి వచ్చింది, దాంతో పాటే సెమిస్టర్లు. సంక్రాంతి తర్వాత చూసుకుందాం అనే మాటకు అక్కడితో కాలం చెల్లింది. సంక్రాంతి వచ్చేసరికి మొదటి సెమిస్టర్ అయిపోయి ఉంటుంది, లేదా పరీక్షల నడిమధ్యలో ఉంటుంది. 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే అయింది. తెలుగు మీడియంలో ఇంటర్ చదివొచ్చిన పిల్లకు ఒక పేజీ చదవడానికి రెండు పేజీల సమయం పట్టింది. 2023-24లో సింగిల్ మేజర్ పద్ధతి పెట్టారు. ఆ ఏడాది చేరేటప్పుడే ఒక మేజర్ ఎంచుకోవాల్సి వచ్చింది, మైనర్ రెండో సెమిస్టర్ నుంచి. మొదటి సెమిస్టర్లో ఇంగ్లీషు, రెండో భాష, మేజర్ వైపు పేపర్లు రెండు, ఒక మల్టీ డిసిప్లినరీ, స్కిల్ కోర్సులు రెండు. మొత్తం ఏడు. కాగితం మీద ఎంపిక చాలా కనిపిస్తుంది. కానీ జాబితాలో ఎన్ని కోర్సులున్నా, చిన్న ఊరి కాలేజీలో చెప్పే మాస్టారున్న కోర్సే పిల్లల ఎంపిక అవుతుంది. ఇది పిల్లల తప్పు కాదు. ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకునే ముందే కాలేజీకి వచ్చి, ఏ సబ్జెక్టుకు ఎవరు చెబుతున్నారో అడిగి తెలుసుకుంటే సగం చిక్కు తీరుతుంది. నెట్ సెంటర్లో కూర్చుని, పక్క కుర్రాడు పెట్టినవే పెట్టేసి వచ్చేవాళ్లే ఎక్కువ.

ఆ 2023లోనే గంపలగూడెం వైపు పల్లె నుంచి ఒకమ్మాయి చేరింది. వాళ్లింట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటి మనిషి ఆమె. నాన్నది కౌలు సేద్యం, పత్తీ మిరపా. ఇంటర్ ఎంపీసీ. 'కంప్యూటర్స్ అయితే ఉద్యోగం వస్తుంది' అని పక్కింటి అక్క చెప్పిందని కంప్యూటర్ సైన్స్ మేజర్ పెట్టుకుంది. అంతవరకు ఇబ్బంది లేదు. ఆ పైన పేర్చుకున్న బరువే కష్టమైంది. సాయంత్రం నాలుగు తర్వాత కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో రెండు గంటలు. ఫోన్లో గ్రూప్స్ కోచింగ్. ఒకేసారి రెండు డిగ్రీలు చదవొచ్చని యూజీసీ 2022 ఏప్రిల్లో చెప్పింది కదా, దూరవిద్యలో బీఏ కూడా కట్టేద్దామని దరఖాస్తు నింపి పెట్టుకుంది. ఫీజు కట్టడం ఒక్కటే మిగిలింది.

సెప్టెంబరు దాటేసరికి ఆ పిల్ల బల్ల మీద కూర్చుని నిద్రపోయేది. గంట మోగితే ఉలిక్కిపడి లేచేది. ఒకరోజు ఫిజిక్స్ సారు అటుగా పోతూ ఆగారు.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది సార్. రాత్రి ఒంటిగంట దాకా క్లాసు విన్నాను."

"ఏం క్లాసు?"

ఆమె ఒక్కొక్కటే చెప్పింది. సారు బల్ల మీద కూర్చున్నారు. నోటుపుస్తకం అడిగి తీసుకుని వెనక పేజీ తెరిచారు. నేను ఇన్నేళ్లుగా మోగిస్తున్న దానికి కాగితం మీద లెక్క వేయడం చూసింది ఆ రోజే.

"వారానికి 168 గంటలు. నాకైనా నీకైనా అంతే. నిద్ర ఏడు గంటల చొప్పున 49 తీసెయ్."

"అంత నిద్రపోను సార్."

"పోవాలమ్మా. బస్సు ఎంతసేపు?"

నడక, ఎదురుచూపు, ప్రయాణం కలిపి రోజుకు రెండున్నర గంటలు. ఆరు రోజులకు 15. కాలేజీ 36. ఇంటి పని, గేదె, నీళ్లు, వంటలో అమ్మకు సాయం కలిపి రోజుకు మూడు, వారానికి 21. తిండీ స్నానం 14. సారు గీత గీసి చివరి అంకె చూపించారు. మిగిలింది 33. అందులోంచి ఇన్‌స్టిట్యూట్‌కు 12, కోచింగ్‌కు 9, దూరవిద్యకు కనీసం 10 తీసేస్తే మిగిలింది రెండు.

"ఈ రెండు గంటల్లో ఏడు పేపర్లు చదవాలి. పత్తితీత ఇంకా మొదలు కాలేదు."

ఆ పిల్ల కాగితాన్నే చూస్తూ కూర్చుంది. సారు క్రెడిట్ల సంగతి చెప్పారు. అది ప్రతి పిల్లకూ మొదటి రోజునే చెప్పాల్సిన సంగతి. ఒక క్రెడిట్ అంటే తరగతిలో 15 గంటల పాఠం, ప్రాక్టికల్ అయితే 30 గంటలు. ఏడాదికి 40 క్రెడిట్లు, సెమిస్టరుకు 20. జాతీయ క్రెడిట్ విధానం ఏడాదికి 1200 గంటల చదువని లెక్క కట్టింది. అందులో పాఠం, ప్రాక్టికల్, ఇంటి దగ్గర చదువు అన్నీ కలిసే ఉంటాయి. సెమిస్టరుకు 600. పదిహేను వారాలకు పంచితే వారానికి 40. కాలేజీలో భోజనం గంట పోగా చదువు జరిగేది 30 గంటలు. మిగతా పది గంటలు ఇంటి దగ్గర ఉండి తీరాలి. ఇంగ్లీషు మీడియం కొత్తయిన వాళ్లకు ఆ పది చాలవు, పదిహేను కావాలి.

"డిగ్రీ ఒకటే చదువు. కోచింగ్ ఫైనలియర్లో చూసుకో. ఇన్‌స్టిట్యూట్ వేసవికి మార్చుకో. అదే సి లాంగ్వేజ్ నీకు ఇక్కడా చెబుతారు."

"సగం ఫీజు కట్టారు సార్ నాన్న. మానేస్తే ఊరుకోరు."

మర్నాడు సారే ఆమెతో ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లొచ్చారు. కట్టిన ఫీజు వేసవి బ్యాచ్‌కు సర్దుతామన్నారట. రెండో భాష మార్చుకోవడానికి గడువు మిగిలి ఉందని ఆఫీసులో అడిగి తెలుసుకుని, సంస్కృతం నుంచి తెలుగుకు మారింది. ఇంటర్లో మార్కుల కోసం సంస్కృతం తీసుకుందే గాని ఆ పిల్ల ఇష్టంగా చదివేది తెలుగు కథలు. ఏడు పేపర్లలో ఒక్కటైనా ఇష్టంగా చదివేది ఉంటే మిగతా ఆరింటికీ ఓపిక వస్తుంది. మొదటి సెమిస్టర్‌కు ఎంచుకోగలిగిన ఆ కొద్దిపాటి చోట్లలో పిల్లలు ఈ ఇష్టాన్నే ముందు మరిచిపోతారు. మార్కుల కోసం ఒకటి, స్నేహితురాలి కోసం ఒకటి, భవిష్యత్తు భయంతో ఒకటి తీసుకుంటారు.

అదే ఏడాది మరో కుర్రాడు ఇదే బల్ల మీద కూర్చునేవాడు. పగలు కాలేజీ, రాత్రి బైపాస్ పక్క పెట్రోలు బంకులో పని, పైన ఇంకో డిగ్రీ. ఆ పనే వాళ్లింటికి ఆధారం, దాన్ని మానమని ఎవరూ అనలేరు. మానుకోదగ్గది రెండో డిగ్రీ. ఆ మాట చెప్పేవాళ్లు అతనికి దొరకలేదు. మొదటి సెమ్‌లో మూడు పేపర్లు పోయాయి. వాటిని వెంటబెట్టుకుని రెండో సెమ్‌కు వచ్చాడు. హాజరు 75 శాతం కంటే తగ్గింది. వేసవి తర్వాత రాలేదు. అతని పేరు పిలిచిన ప్రతిసారీ తరగతిలోంచి వినబడే నిశ్శబ్దం నాకు గుర్తుంది.

అమ్మాయి సంగతికి వస్తాను. గంటలు సర్దుకున్నాక కూడా నవంబరులో ఆమె వారం రోజులు రాలేదు. పత్తి పగిలింది, కూలీలు దొరకలేదు. మా చుట్టుపక్కల పల్లెల్లో పత్తితీత మొదలయ్యే రోజులూ, సెమిస్టర్ పరీక్షలు దగ్గరపడే రోజులూ ఒకటే. క్యాలెండర్ వేసేవాళ్లకు ఇది తెలియకపోవచ్చు. ఆ నెలలో ఆడపిల్లల బెంచీలు ముందు ఖాళీ అవుతాయి. మగపిల్లలవి తర్వాత. ఎనిమిదో రోజున వాళ్ల నాన్నే ఆమెను స్కూటర్ మీద దింపి, ఇదే వేపచెట్టు కింద నిలబడి సారుతో మాట్లాడాడు. "తెలియక ఆపాం సార్. పరీక్షలయ్యేదాకా పొలానికి పిలవం" అన్నాడు. మిగిలిన పత్తి చుట్టాల ఆడవాళ్లు బదులుకు వచ్చి తీశారట.

ఆ సెమిస్టర్లో ఆమె ఏడు పేపర్లూ పాసయింది. గొప్ప మార్కులేం కాదు. వేసవిలో ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్లింది. దూరవిద్య దరఖాస్తు అలాగే ఉండిపోయింది.

కౌలు సేద్యం చేసుకునే ఇంట్లో కూలీకి డబ్బు లెక్క చూసుకోకుండా నడవదని నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. మీ ఇంటి పిల్ల ఈ ఏడాది డిగ్రీ మొదటి సెమిస్టర్లో ఉంటే, పరీక్షలు దగ్గరపడే ఆ ఒక్క నెల పత్తితీతకు బదులు మనిషిని చూసుకోండి, ఆమెను బస్సెక్కించండి.