పేరు పొడిది, పని మాత్రది

మా లక్కూరు టీ అంగడి బల్ల మీద పొద్దున్నే కూర్చుంటే షుగరుకి ఏ మందు గొప్పదో తేలిపోతుంది. ఒకాయన పొడపత్రి పక్షం. ఆకు నమిలి, పైన చక్కెర వేసుకుని, తీపి తెలియలేదు చూడండని చూపిస్తాడు. నిజమే, నాలుక మోసపోయింది. నెత్తురు అంత అమాయకం కాదు. రెండో ఆయన వేగిస చెక్క లోటాలో రాత్రి పోసిన నీళ్లు తాగుతాడు. రంగు మారింది కాబట్టి మందేనట. మూడో ఆయనది బీజీఆర్-34 అనే ఆయుర్వేద మందు. ‘లక్నోలో సర్కారు సైంటిస్టులు కనిపెట్టిందప్పా!’ నాలుగో ఆయన అన్నీ కలిపి మింగుతాడు, ఎవరు గెలిచినా గెలుపు తనదే. ఇక రాగి మంచిదన్నారని ఒక ముద్ద తినేవాళ్లంతా మూడు లాగిస్తున్నారు.

తీర్పు చెప్పే పద్ధతి సులువు. షుగరు తగ్గితే ఆకో చెక్కో పొడో గొప్ప, పెరిగితే పెళ్లింటి ఓళిగల తప్పు.

చట్టం లేక కాదు. షుగరు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. 2024 ఏప్రిల్‌లో ఉత్తరాఖండ్ సర్కారు పతంజలి వారి షుగరు మందు మధుగ్రిట్‌తో కలిపి 14 మందుల లైసెన్సులు నిలిపేసింది. మే నెలలో ఆ నిలిపివేతనే నిలిపేసింది. సప్లిమెంట్ డబ్బా మీద ‘వైద్యానికి కాదు’ అని రాయాలన్న రూలూ ఉంది. చదవాల్సిన కళ్లు షుగరుకే మసకబారాయి.

మా బల్ల మీది నలుగురూ ఇంటికెళ్లి ముద్ద తిన్నాక గుట్టుగా మింగేది మాత్రం ఒకటే: సర్కారు ఆస్పత్రిలో ఉత్తపుణ్యానికి ఇచ్చే తెల్ల మాత్ర, మెట్‌ఫార్మిన్. బల్ల దగ్గర దాని పేరెత్తరు. దుడ్డు పెట్టనిదానికి గొప్పేముంటుంది? ఐదో ఆయనొకడు ఉండేవాడు, పొడిని నిజంగానే నమ్మి మాత్ర మానేశాడు. ఇప్పుడు కాలికి కట్టుతో కోలారు ఆస్పత్రికి తిరుగుతున్నాడు. పోలికల్లో ఆయన్ని ఎవరూ లెక్కేసుకోరు.

తమాషా ఏమిటంటే ఆ తెల్ల మాత్రకూ మూలం మొక్కే. యూరప్‌లో గాలెగా అనే మొక్క గుణం పట్టుకుని చేసిన మందు. 1957లో జాన్ స్టెర్న్ అనే ఫ్రెంచి డాక్టరు రోగులకిచ్చి ఫలితం ప్రకటించాడు. ఈ సంగతి నేనింకా బల్ల దగ్గర బయటపెట్టలేదు. పెడితే మాత్ర మింగడం మానేసి గాలెగా పొడి ఎక్కడ దొరుకుతుందని నన్నే అడుగుతారు.