మారిపోయిన ఆఫీసరు గారు

బందరు, గుడివాడ, అవనిగడ్డ, ఈ మూడింటిలో ఏ ఊళ్లో ఏ ఆఫీసు మెట్లెక్కినా ఈమధ్య ఒక కొత్త రకం పెద్దమనిషి తగులుతున్నాడు. బ్యాంకు మేనేజరు కావచ్చు, కాలువల ఇంజనీరు కావచ్చు, కార్పొరేట్ కాలేజీ ప్రిన్సిపాలు కావచ్చు, రొయ్యల ప్లాంటుకు జనరల్ మేనేజరు కావచ్చు. ఉద్యోగం ఏదైనా లక్షణం ఒక్కటే: విజయవాడ ఏసీ హోటల్లో రెండు రోజుల నాయకత్వ శిక్షణకు వెళ్లి పూర్తిగా మారిపోయి వచ్చాడు. మారిపోయానని ఆయనే చెబుతాడు. చెప్పకపోతే తెలుసుకునే మార్గం లేదు. ఇదివరకు ఫైలు ఆలస్యమైతే "బుద్ధుందా నీకు?" అనేవాడు. ఇప్పుడు కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి వదిలి, "నాలో కోపం పుడుతోంది, దాన్ని నేను గమనిస్తున్నాను, దానికి కారణం నువ్వు" అంటున్నాడు. బల్ల మీద యండమూరి వీరేంద్రనాథ్ 'విజయానికి ఐదు మెట్లు' ఉంటుంది, దాని పక్కన బి.వి. పట్టాభిరామ్ పుస్తకం ఉంటుంది, రెండింటికీ నడుమ నెల్లాళ్లుగా సంతకం కాని సెలవు చీటీలు ఉంటాయి.

ఈయన వైభవం పూర్తిగా చూడాలంటే అభిప్రాయ సేకరణ రోజునే చూడాలి. "నా లోపాలు నిర్మొహమాటంగా రాయండి, పేర్లు రాయనక్కర్లేదు" అని కాగితాలు పంచుతాడు. పన్నెండు మంది ఉన్న ఆఫీసులో ఎవరి చేతిరాత ఎవరిదో అటెండరుకి సైతం తెలుసు కాబట్టి సిబ్బంది ఆచితూచి రాస్తారు: సారు ఒంటి సంగతి చూసుకోరు, సారుకి జాలిగుండె ఎక్కువ, సారు అందరి పనీ తన నెత్తిన వేసుకుంటారు. ఈ ఘోరమైన లోపాలన్నిటినీ ఈయన తలొంచుకుని ఒప్పుకుంటాడు, సరిదిద్దుకుంటానని మాట కూడా ఇస్తాడు. ఎవరైనా కొత్తగా చేరిన కుర్రాడు అమాయకంగా "మీటింగుల్లో మమ్మల్ని మాట్లాడనివ్వరు" అని రాశాడా, ఆ ఒక్క కాగితం మీద ఈయన గంటన్నర మాట్లాడతాడు.

నవ్వులాటకేం గాని, ఇందులో ఒక చిక్కు ఉంది. తనను తాను తెలుసుకోవడమంటే ఒక్కడే గదిలో కూర్చుని కళ్లు మూసుకుని చేసే తపస్సు అని ఈయనకు ఎవరో చెప్పారు. అధికారం చేతిలో ఉన్నవాడి విషయంలో అది చెల్లదు. అతను ఎలాంటివాడో తెలిసింది అతని కింద పనిచేసేవాళ్లకి. ఆ కబురు అతని దాకా రావాలంటే వాళ్లకి భయం పోవాలి. ఆ భయం అలాగే ఉన్నంతకాలం వినయ భాష ఎంత నేర్చినా అది చిలకలపూడి నగే. ఆ మాటకొస్తే చిలకలపూడి పనివాళ్లు నయం, కవరింగును కవరింగు అని చెప్పే అమ్ముతారు. టాషా యూరిక్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బృందం దాదాపు 5,000 మందిని పరిశీలించి 2018లో ఒక లెక్క చెప్పింది: తమను తాము ఎరుగుదుమని అనుకునేవాళ్లు కొల్లలు, నిజంగా ఎరిగినవాళ్లు 10 నుంచి 15 శాతం. ఆమె ప్రస్తావించిన మరో అధ్యయనంలో 3,600 మందికి పైగా అధికారులను చూస్తే, హోదా పెరిగేకొద్దీ తమ సమర్థత గురించి తాము అనుకునేదానికీ తోటివాళ్లు అనుకునేదానికీ ఎడం పెరిగిందట. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్న మనవాళ్లకి ఈ సంగతి 3,600 మందిని విచారించకుండానే తెలుసు.

బందరు నుంచి ఎంతో దూరం లేని కూచిపూడిలో ఈ రోగానికి మందు కొన్ని శతాబ్దాల కిందటే తయారైంది. సిద్ధేంద్రయోగి పేరుతో చెప్పుకునే భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి మరీ ప్రవేశిస్తుంది. తన అందం, తన పుట్టుక, తన మగడు, అన్నీ తనవే గొప్ప. ఆవిడ గర్వం దిగేది తపస్సుతో కాదు, పక్కనున్న మాధవి ప్రశ్నలతో. భామ ఒకటంటే మాధవి రెండంటుంది, వెక్కిరిస్తుంది, తెలియనట్టు అడిగినదే అడుగుతుంది, ప్రేక్షకులు విరగబడి నవ్వుతుంటే భామ మెల్లగా దారిలో పడుతుంది. ఆ మాధవి వేషం కట్టేది సాక్షాత్తూ సూత్రధారుడు. ప్రదర్శన మొత్తం నడిపేవాడి చేతికే ఎదురు ప్రశ్నలు వేసే పని అప్పగించారంటే, పెద్దవాళ్ల అహానికి ఎదురు మాట ఎంత అవసరమో ఆ భాగవతులకు బాగా తెలుసన్నమాట. మన ఆఫీసరు గారు భామ వేషం కట్టి, మాధవి పాత్రను ఖర్చు తగ్గింపు కింద రద్దు చేశాడు.

ఇదంతా ఆఫీసు కబుర్లే కదా, దీనివల్ల ఊరికి వచ్చిన నష్టమేమిటి అనవచ్చు. నష్టం దివిసీమ శివారు పొలాల్లో కనబడుతుంది. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్లు నాగాయలంక, కోడూరు మండలాల చివరి చేలకు చేరాలంటే దారిలో ఎన్ని తూములు, ఎంత గుర్రపుడెక్క, ఎందరి అక్రమ మోటార్లు దాటాలో కాలువ గట్టు మీద తిరిగే లస్కరుకి తెలుసు. సమీక్షలో "శివారుకి నీళ్లందాయా?" అని మారిపోయిన ఆఫీసరు చిరునవ్వుతోనే అడుగుతాడు. పోయినేడు అందలేదన్నవాడికి ఏ గతి పట్టిందో అందరికీ గుర్తుంది. "అందాయండి" అంటాడు లస్కరు. వర్క్ ఇన్‌స్పెక్టరు అందాయంటాడు, ఏఈ అందాయంటాడు, చివరికి కాగితం మీద కోడూరు దాకా నీళ్లు పారతాయి. అవతల సముద్రపు ఉప్పు ఎగదన్ని నారుమడి మాడుతుంటుంది. అధికారి స్వభావం ఆయన సొంత వ్యవహారమనే వాదన ఇక్కడ చెల్లదు.

శిక్షణకు వెళ్లడమే నయం కదా, బొత్తిగా వెళ్లనివాడి మాటేమిటి అని కొందరంటారు. ఆ మాటలో కొంత నిజముంది. బూతులు తగ్గిన ఆఫీసులు లేకపోలేదు, పుస్తకాలు చదివి నిజంగానే మెత్తబడ్డవాళ్లూ ఉన్నారు. కాని అరిచే ఆఫీసరుతో ఒక సౌలభ్యం ఉండేది: ఎప్పుడు తప్పుకోవాలో తెలిసేది, తరువాత టీ కొట్టు దగ్గర తిట్టుకోవడానికి వీలుండేది. చిరునవ్వుతో చురక వేసేవాణ్ణి ఏమని తిట్టుకుంటారు? మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి, కాస్త లోకువిస్తే సిబ్బంది నెత్తికెక్కుతారన్నది రెండో అభ్యంతరం. వినడం వేరు, లొంగడం వేరు. నీళ్లు రాలేదన్న కబురు విన్నాక తూము దగ్గరికెళ్లి గట్టిగా మాట్లాడడానికి ఆఫీసరుకి ఎవరూ అడ్డు చెప్పరు. ఇక సిబ్బందీ తక్కువవాళ్లు కాదు, భజన చేసి పెద్దల్ని చెడగొట్టేది వాళ్లేనన్న మూడో మాట నిజమే. అయితే బదిలీ, సెలవు, రహస్య నివేదిక, మూడూ రాసే కలం ఒకే జేబులో ఉంది. ముందు నోరు విప్పాల్సిన పూచీ జేబు ఖాళీగా ఉన్నవాడి మీద పెట్టడం న్యాయం కాదు.

ఈయనకు ఉపన్యాసాల్లో ఇష్టమైన ఉదాహరణ ఒకటుంది, అదీ బందరుదే. 1923లో ఈ ఊళ్లో ఆంధ్రా బ్యాంకు పెట్టిన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీచేసి సుభాష్ చంద్రబోసు చేతిలో ఓడిపోయారు. ఆయనకు 1,377 ఓట్లు, బోసుకు 1,580. పోటీలోనే లేని గాంధీజీ ఆ ఓటమి పట్టాభిది కంటే తనదే ఎక్కువ అన్నారు. ఆ మాట బోసును ఇరకాటంలో పెట్టింది, అందులో రాజకీయం లేదనడం కష్టం. అయినా ఓటమి కింద ముందు తన పేరు రాసుకోవడం రాజకీయంలోనైనా చిన్న విషయం కాదు. మన ఆఫీసరు గారు వేదిక మీద "మీ ఓటమి నా ఓటమి" అని గొంతు జీరబోయేలా చెబుతాడు. మర్నాడు టార్గెట్ తప్పినందుకు మెమోలు మాత్రం గుమాస్తాల పేరునే వస్తాయి.

చల్లపల్లిలో ఇంకో రకం పెద్దలూ ఉన్నారు. అక్కడ 2014 నవంబరు నుంచి డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి దంపతులు, వారితో కలిసినవాళ్లు తెల్లవారకముందే లేచి ఊరి రోడ్లు ఊడుస్తున్నారు. నాయకుడి చేతిలోనూ చీపురే ఉన్నప్పుడు "ఇక్కడ చెత్త మిగిలిందండి" అని చెప్పడానికి పక్కవాడికి ధైర్యం ప్రత్యేకంగా తెచ్చుకోనక్కర్లేదు. మన ఆఫీసరు గారు కూడా ఒకనాడు అక్కడికి వెళ్లాలనే అనుకుంటున్నాడు, ఫొటోగ్రాఫరు ఖాళీ చూసుకుని.

శిక్షణ తరగతులకు డబ్బు మంజూరు చేసే పై అధికారులకు ఒక మనవి. ఈసారి ఈయన్ని విజయవాడ పంపకండి. కోడూరు పంపండి, జీపు ఇవ్వకుండా, లస్కరు సైకిలు వెనక కూర్చోబెట్టి. దారిలో మాట్లాడే అవకాశం లస్కరుకే ఉండాలని ఉత్తర్వులో స్పష్టంగా రాయండి.