బొమ్మల కొలువులో ఇంగ్లీషు మాస్టారు

జపాన్‌లో మార్చి 3న ఆడపిల్లలున్న ఇళ్లలో హినమత్సురి చేస్తారు. ఎర్రగుడ్డ పరిచిన మెట్లు, పై మెట్టున రాజూ రాణీ, కింద చెలికత్తెలూ వాద్యగాళ్లూ. మన సంక్రాంతి బొమ్మల కొలువుకి వేలువిడిచిన చుట్టం. కాకపోతే అక్కడో పట్టింపు ఉంది: పండగ కాగానే బొమ్మల్ని పెట్టెల్లోకి సర్దెయ్యాలి, ఆలస్యమైతే పిల్ల పెళ్లి ఆలస్యమవుతుందని పెద్దవాళ్ల బెంగ. అంత శ్రద్ధగానూ దించి, నలుగురికీ చూపించి, వేళ దాటకుండా సర్దేసే బొమ్మ ఆ దేశంలో ఇంకొకటుంది. దాన్ని ఏఎల్‌టీ అంటారు, అసిస్టెంట్ లాంగ్వేజ్ టీచర్. విదేశం నుంచి పిలిపించుకున్న ఇంగ్లీషు మాస్టారన్నమాట. తెలుగులో ఉద్యోగమూ కొలువే, బొమ్మల వరసా కొలువే. ఈ రెండర్థాలకీ ఒకేసారి న్యాయం చేసిన కొలువు ఇంకోటి నాకు కనబడలేదు. ఇన్నేళ్లు ఇంతమంది దొరల్ని పోషించినా జపాన్‌వాళ్లకి ఇంగ్లీషు రాలేదనీ, పథకం బూడిదలో పోసిన పన్నీరైందనీ విమర్శకులు వాపోతుంటారు. అన్యాయం. పన్నీరు చల్లేది పెళ్లికొచ్చినవాళ్ల మీద. దాంతో పంట పండలేదేమని అడిగితే ఎలా?

పుట్టుక చూస్తే సంగతి తెలుస్తుంది. ఈ మాస్టార్లని రప్పించే జెట్ ప్రోగ్రాం 1987లో, నకసోనె ప్రధానిగా ఉన్నప్పుడు మొదలైంది. జపాన్ కార్లూ టీవీలూ అమెరికా బజార్లని ముంచెత్తుతున్న రోజులవి. మా సరుకు మీరెందుకు కొనరని అమెరికా రంకెలేస్తోంది. ఏదో ఒకటి దిగుమతి చేసుకోక తప్పదు కనక, బియ్యమూ గొడ్డుమాంసమూ కాకుండా, పట్టభద్రుల్ని దిగుమతి చేసుకున్నారు. తొలి ఏడాది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ నుంచి 848 మంది దిగారు. పథకం వెనక ఉన్నవి మూడు శాఖలు: విదేశాంగం, విద్య, స్థానిక పాలన. పిల్లలకి పాఠం చెప్పించడానికి విద్యాశాఖ ఒక్కటీ చాలదా, మధ్యలో విదేశాంగ శాఖకేం పని అని అడిగినవాడికి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది. మాస్టారికి కావలసిన అర్హత ఏదో ఒక డిగ్రీ. చేపల పెంపకంలో అయినా ఫర్వాలేదు. బోధనలో శిక్షణ అక్కర్లేదు. జపాన్ టీచరు లైసెన్సు లేదు కనక క్లాసు ఒంటరిగా నడపడానికి వీల్లేదు, పక్కన స్వదేశీ టీచరుండాలి. ఒప్పందం ఏడాదికోసారి, మహా అయితే ఐదేళ్లు. పని కాస్త చేతికొచ్చేసరికి పెట్టె మూత తెరిచి ఉంటుంది.

మరి జపాన్‌కి విదేశీ గురువుల చేత పని చేయించుకోవడం తెలియదా అంటే, వాళ్లకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. 1848లో రానల్డ్ మక్‌డొనాల్డ్ అనే సాహసి ఓడ మునిగినట్టు నటించి జపాన్ ఉత్తరపు దీవుల్లో తేలాడు. విదేశీయుడు కాలు పెడితే ప్రాణానికే ముప్పున్న కాలం. అతన్ని పట్టుకుని నాగసాకికి తరలించి నిర్బంధంలో ఉంచారు. ఉంచి ఊరుకోలేదు, పద్నాలుగు మంది దుబాసీల్ని తీసుకొచ్చి కటకటాల బయట కూర్చోబెట్టారు. లోపల గురువు, బయట శిష్యులు. ఏడాది తిరక్కుండా అతన్ని ఓడెక్కించి పంపేశారు. ఆ శిష్యుల్లో ఒకడైన మోరియమ కొన్నేళ్లకే అమెరికా నౌకాదళ అధికారి పెరీతో జరిగిన చర్చల్లో దుబాసీగా నిలబడ్డాడు. జీతం లేదు, పాఠ్యపుస్తకం లేదు, గురువుగారికి బోనులోంచి బయటికొచ్చే హక్కు కూడా లేదు. ఇంగ్లీషు మాత్రం వచ్చింది, ఎందుకంటే అది వాళ్లకి కావాలి. తర్వాత మేజీ చక్రవర్తి కాలంలో విదేశీ నిపుణుల్ని భారీ జీతాలిచ్చి తెచ్చుకున్నారు, విద్య లాక్కున్నాక సాగనంపారు. లఫ్కాడియో హెర్న్ 1890లో మత్సుయెలో స్కూలు మాస్టారుగా చేరి, జపాన్ పిల్లని పెళ్లాడి, పేరు మార్చుకుని, జపాన్ పౌరుడై, టోక్యో విశ్వవిద్యాలయం దాకా వెళ్లాడు. 1903లో ఆయన్నీ పంపించేసి, ఆ కుర్చీలో లండన్ నుంచి తిరిగొచ్చిన, నవలాకారుడు కాబోయే నత్సుమె సోసెకిని కూర్చోబెట్టారు. అప్పట్లో పని పూర్తయిందని పంపేవారు. ఇప్పుడు పని మొదలవుతుందేమోనని పంపుతున్నట్టుంది.

ఆ పని ఎలా ఉంటుందో చూడాలంటే ఏ జిల్లా ఊళ్లో స్కూలైనా చాలు. మాస్టారు గుమ్మంలో బూట్లు విప్పి, మడమ బయటికొచ్చే స్లిప్పర్లలో పాదాలు ఇరికించుకుంటారు. కటకానా లిపిలో తన పేరు చెక్కిన ముద్రతో హాజరు పట్టీలో ఎర్రటి గుండ్రం వేస్తారు. క్లాసులోకి వెళ్లి ‘హౌ ఆర్ యూ?’ అంటారు. ముప్పై అయిదు గొంతులు ఒక్క శ్రుతిలో ‘ఐయామ్ ఫైన్ థ్యాంక్యూ, అండ్ యూ?’ అంటాయి. జలుబుతో ముక్కు కారుతున్నవాడూ ఫైనే, నిన్న తాతగారు పోయినవాడూ ఫైనే. తర్వాత స్వదేశీ టీచరు వ్యాకరణమంతా జపనీసులో వివరించి, నడుమ నడుమ చేయి చూపిస్తారు. అప్పుడు మాస్టారు వాక్యం చదవాలి. ఇంకోసారి చూపిస్తే ఇంకోసారి. మనిషి రూపంలో ఉన్న టేప్ రికార్డర్‌నని ఏఎల్‌టీలు తమ గురించి తామే చెప్పుకుంటారు. టేప్ రికార్డర్‌కి కనీసం వెనక్కి తిప్పే మీట ఉంటుంది. మధ్యాహ్నం పిల్లలతో కలిసి స్కూలు భోజనం, మిగిలిన పుడ్డింగు కోసం వాళ్లతో చేతులాడించి పందెం. ఆ పందెంలో దొర్లే భాష ఏ పుస్తకంలోనూ లేదు, రోజంతటికీ అసలైన సంభాషణ బహుశా అదే. వేసవి సెలవుల్లో పిల్లలుండరు, క్లాసులుండవు, హాజరు మాత్రం ఉంటుంది. ఖాళీ స్టాఫ్ రూములో కూర్చునే ఆ విద్యకి ‘డెస్క్ వార్మింగ్’ అని పేరు. కోడి గుడ్లు పొదిగితే పిల్లలొస్తాయి, ఇక్కడ సాయంత్రమొస్తుంది.

ఇంత చేస్తే ఏం రాదా అనకండి. పరీక్ష దేన్ని అడుగుతుందో పిల్లలకి అదే వస్తుంది. జపాన్‌లో కాలేజీ ప్రవేశమంటే మన ఎంసెట్‌కి అన్నగారు. చదవడం, వినడం అడుగుతారు, మాట్లాడించరు. మాట్లాడే పరీక్షని ప్రైవేటు సంస్థల ద్వారా 2020 నుంచి చేర్చాలని పెద్ద ప్రణాళికే వేశారు. డబ్బున్నవాళ్లకీ పట్నంవాళ్లకీ మేలు చేస్తుందని గోల లేచి, 2019 నవంబరులో వాయిదా వేసి, 2021లో పూర్తిగా వదిలేశారు. గోల న్యాయమైనదే. కానీ దాంతో మాస్టారి నోటికి విలువ లేదని అధికారికంగా తేలిపోయింది. దీనికి లోతైన కారణం జపాన్‌కి సిగ్గుచేటు కాదు, మనకి కొంచెం కావచ్చు. వైద్యం, ఇంజినీరింగు, న్యాయశాస్త్రం అన్నీ వాళ్ల భాషలోనే పైదాకా చదువుకోవచ్చు. 2008లో ఫిజిక్సు నోబెల్ అందుకున్న మస్కావా తనకి ఇంగ్లీషు రాదని చెప్పి జపనీసులోనే ఉపన్యాసమిచ్చారు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో వేసి, తెలుగులో పేరు రాయలేని పిల్లాణ్ని చూసి మురిసిపోయే మనకి ఇది మింగుడుపడదు. అవసరం లేనివాడింట్లో ఇంగ్లీషు అలంకారమే అవుతుంది. అలంకారానికి బొమ్మ చాలు.

అభ్యంతరాలు లేకపోలేదు. 2011 నుంచి అయిదు, ఆరు తరగతుల్లో ఇంగ్లీషు తప్పనిసరి చేశారు, 2020లో మార్కులుండే సబ్జెక్టుగా మార్చారు కదా అంటారు. మార్చారు. 2024లో ఈఎఫ్ సంస్థ ఇంగ్లీషు సామర్థ్యం మీద 116 దేశాల జాబితా వేస్తే జపాన్‌ది 92వ స్థానం. ఆ పరీక్ష ఇష్టమున్నవాళ్లు ఆన్‌లైన్‌లో రాసేది, దాన్నే ప్రమాణం చేసుకోనక్కర్లేదని ఒప్పుకుంటాను. అయితే ఇష్టమై రాసినవాళ్ల సంగతే ఇదైతే, ఇష్టం లేనివాళ్ల సంగతి? ఇంకో వాదం బలమైనది. కొండల మధ్య చేపల రేవులో పుట్టిన పిల్లకి తెల్లవాడో నల్లవాడో పక్కన కూర్చుని అన్నం తింటే లోకమంటే భయం పోతుందని. నిజమే, నాకు ఎదురు చెప్పాలని లేదు. మొదట్లో నాలుగు దేశాలే, ఇప్పుడు జమైకా, ఫిలిప్పీన్స్, దక్షిణాఫ్రికా కూడా మెట్లెక్కాయి. కానీ అది కొలువు గొప్పతనం, పాఠం గొప్పతనం కాదు. జీతమిస్తున్నారుగా, ఏడుపెందుకు అన్నది మూడోది. చాలా ఏళ్లు మొదటి ఏడాదికి 33.6 లక్షల యెన్లు ఇచ్చారు, తక్కువేం కాదు. బయట ప్రైవేటు కంపెనీలు పంపే మాస్టార్లని చూస్తే ఆ జీతం రాజభోగం. వారానికి 30 గంటలు పనిచేస్తే ఆరోగ్య బీమా, పింఛను కట్టాల్సి వచ్చేది కనక, చాలా కంపెనీలు ఒప్పందాల్లో 29.5 గంటలు రాశాయి. ఆ అరగంట ఎక్కడికి పోయిందో ఏ వ్యాకరణమూ చెప్పదు. 2007 అక్టోబరులో దేశంలోకెల్లా పెద్ద ఇంగ్లీషు బళ్ల సంస్థ నోవా కూలినప్పుడు వేల మంది మాస్టార్లు జీతాల్లేక వీధిన పడ్డారు.

ఇంటిదగ్గరా కొలువు ఆగదు. చెత్త తప్పు రోజున పెడితే సంచీ వెనక్కొస్తుంది, ఎవరిదో ఊరందరికీ తెలుసు. దుకాణంలో ‘కొన్నిచివా’ అంటే చాలు, మీ జపనీస్ అద్భుతమంటారు. పదేళ్లున్నవాడికీ అదే మెచ్చుకోలు, విమానం దిగినవాడికీ అదే. చాప్‌స్టిక్స్ పట్టుకున్నందుకు చప్పట్లు వేరే.

చివరికి వీడ్కోలు సభ. పూలగుత్తి, పిల్లలంతా సంతకాలు చేసిన గట్టి అట్ట, హెడ్‌మాస్టరు ప్రసంగం. మాస్టారు నేర్చుకున్న జపనీసులో మాట్లాడతారు, పిల్లలు మెచ్చుకుంటారు. బియ్యం వండే కుక్కరూ, పరుపూ, గంట మోగని సైకిలూ గదిలోనే వదిలేస్తారు. ఆగస్టులో వాటిని వాడుకోవడానికి కొత్త మాస్టారు దిగుతారు. సెప్టెంబరులో క్లాసులోకొచ్చి ‘హౌ ఆర్ యూ?’ అంటారు. పిల్లలు లేచి నిలబడతారు.