‘గీత లొకటి రెండె’: సటీకా తాత్పర్యం

ఆ. పేరు మారె సిమ్ము పెరవారి దనిపించె
బోర్డు మారె టవరు పోదు కదలి
రెండు నొకటి యైన రేయైనఁ బగలైన
గీత లొకటి రెండె కేలనెత్త

అవతారిక. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాలకు ఒకప్పుడు తిరుపతి వేంకటకవులంతటివారు వచ్చి అవధానాలు చేసి, శాలువలు కప్పించుకుని వెళ్లారు. ‘విద్వద్గద్వాల’ అని పేరుపడ్డ ఊరది. అటువంటి గడ్డమీద పుట్టిన ఈ పద్యానికి కర్త ఎవరో తెలియదు. రీచార్జి కొట్టు గల్లా వెనక పుట్టిందని మా అనుమానం. రాజాస్థానాలు పోయాక నాలుగు మాటలు వినే ఓపికతో జనం నిలబడే చోటు ఈ జిల్లాల్లో అదే కదా. రచనాకాలం మాత్రం అంతస్సాక్ష్యంతో తేల్చవచ్చు. ‘రెండు నొకటి యైన’ అన్నాడు కాబట్టి వొడాఫోన్, ఐడియాల విలీనం పూర్తయిన 2018 ఆగస్టు 31కి పూర్వం కాదు. ‘బోర్డు మారె’ అన్నాడు కాబట్టి ‘వీఐ’ అనే కొత్త పేరు వెలువడిన 2020 సెప్టెంబరు 7కు కూడా పూర్వం కాదు. నన్నయ భారతానికి కూడా ఇంత నిక్కచ్చిగా తేదీ చెప్పలేం.

మూలంలో లేనిది రాయనని మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. ఆయన మెతుకుసీమ కొలచలమ వాడు, మన పక్కవాడే. కాళిదాసుకు టీక రాసేటప్పుడు ఆ నియమం చెల్లింది. సిమ్ము విషయంలో మూలంలో ఉన్నదానికంటే లేనిదే ఎక్కువ కనుక, ఆయన ఆత్మకు నమస్కరించి ముందుకు పోతున్నాం.

‘పేరు మారె’. ఏ పేరు, ఎన్నోసారి? ఇక్కడ వంశానుక్రమణిక చెప్పక తప్పదు. ఆంధ్రప్రదేశ్ సర్కిలులో ఐడియాకు పూర్వనామం టాటా సెల్యులార్. అది బిర్లా ఏటీ అండ్ టీతో కలిసి, 2002లో ఐడియా అయింది. రెండో వంశంలో మొదట హచ్. ప్రకటనల్లో కుక్కపిల్ల వెంట నడిచిన కాలం అది. 2007లో అదే వొడాఫోన్ అయింది, తరువాత కుక్కపిల్ల పోయి తెల్లటి గుడ్డుతలల జూజూలు వచ్చాయి. ఈ రెండు వంశాల సంతానం వీఐ. పక్క వంశాల్లోనూ ఇదే తంతు. యూనినార్ టెలినార్ అయింది, టెలినార్ 2018లో ఎయిర్‌టెల్‌లో కలిసింది, మరుసటేడు టాటా డొకొమో ఖాతాదారులూ అక్కడికే చేరారు. రాజులు వంశాలు మార్చుకున్నప్పుడు కనీసం శాసనాలైనా వేయించారు. వీళ్లు ఎస్సెమ్మెస్ పంపారు.

జనం మాత్రం నంబరు చూసి గోత్రం చెప్పేవారు. 9848 అంటే ఐడియా, 9849 అంటే ఎయిర్‌టెల్, 9885 అంటే హచ్. 2011 జనవరిలో నంబరు మార్చకుండానే కంపెనీ మార్చుకునే వెసులుబాటు దేశమంతా వచ్చాక ఈ శాస్త్రం మూలపడింది. అయినా వనపర్తిలో పెద్దమనుషులు ఇప్పటికీ 9848 చూసి ‘ఐడియా నంబరు’ అనే అంటారు. వాళ్లను తప్పుపట్టవద్దు. పేరు పెట్టినవాడే నిలకడగా లేనప్పుడు పిలిచేవాడైనా ఉండాలి.

‘సిమ్ము పెరవారి దనిపించె’. పెరవారు అనగా పరాయివారు. కవి ‘అనిపించె’ అన్నాడు గాని ‘అయ్యె’ అనలేదు. ఈ సూక్ష్మం గమనించదగ్గది. సిమ్ము లోపల ఒక సంఖ్య ఉంటుంది, దాని మొదటి అంకెలు దేశాన్నీ కంపెనీనీ చెబుతాయి. మన సర్కిలులో ఐడియాది 404-07, వొడాఫోన్‌ది 404-13. బోర్డు మీద రంగులు మారినంత మాత్రాన జేబులోని పాత సిమ్ములో ఈ అంకెలు మారవు. కంపెనీలు చేసేది వేరు. ‘ఈ 07, ఆ 13 ఇకనుంచి సమానం, ఏది దొరికితే అది పట్టుకో’ అని ఫోనుకు జాబితా పంపిస్తాయి. తెర మీద కనబడే పేరు కూడా కొంత సిమ్ములోంచి, కొంత టవరు పంపే సందేశంలోంచి వస్తుంది. ఈ సర్దుబాటు సరిగా కుదరని చోట్ల ఫోను తన ఊళ్లోనే తాను పరదేశినని భ్రమపడి, సిగ్నలు గీతల పక్కన ‘ఆర్’ అనే అక్షరం చూపిస్తుంది. అప్పుడు కొట్టులో ఇటువంటి సంభాషణ నడుస్తుంది:

“ఏందన్నా, నాది ఐడియా సిమ్ము. గిదేందో వేరే పేరొస్తున్నది, పక్కన ఆర్ అంటున్నది. పైసలు కట్ అయితయా?”

“ఏం కావు పెద్దమ్మా. రెండు కంపెనీలు ఒకటైనయి. ఒకసారి బంద్ చేసి చాలు చెయ్యి.”

ఈ రెండు మాటల్లో శంకరభాష్యమంత వ్యాఖ్య ఉంది.

‘బోర్డు మారె, టవరు పోదు కదలి’. పద్యానికి ప్రాణం ఈ పాదమే. ‘బో’కు ‘పో’తో యతి కుదిర్చిన కవి నేర్పును మెచ్చుకొని అసలు సంగతికి వద్దాం. ఊరి గోడలు ఒక ఎండాకాలంలో పసుపుపచ్చ, మరో ఎండాకాలంలో ఎరుపు అయ్యాయి. కొట్టు షట్టరు మీద ఒక రంగు మీద ఇంకో రంగు పొరలుపొరలుగా ఉంది. గోరుతో గీకితే పాతికేళ్ల వ్యాపార చరిత్ర రాలుతుంది. టవరు మాత్రం ఏ కంపెనీ పేరూ చెప్పకుండా నిలబడి ఉంటుంది, ఎందుకంటే చాలాచోట్ల అది ఏ ఒక్కరిదీ కాదు. భారతి, వొడాఫోన్, ఐడియా ముగ్గురూ కలిసి 2007లోనే ఇండస్ టవర్స్ పెట్టుకున్నారు. టీవీలో ఒకరినొకరు దెప్పుకుంటూ, ఊళ్లో ఒకే ఇనుప నిచ్చెన మీద తలా ఒక మెట్టు అద్దెకు తీసుకుని ఉన్నారన్నమాట.

అంతకంటే రసవత్తరమైన ఘట్టం ఇంకొకటుంది. 2010 వేలంలో మన సర్కిలుకు 3జీ ఐడియాకు దక్కింది, వొడాఫోన్‌కు దక్కలేదు. అయినా దక్కినచోటివారు దక్కనిచోటివారికి ఇచ్చిపుచ్చుకునేలా ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియా ఒప్పందం చేసుకున్నాయి. టెలికాం శాఖ ఇది కూడదంది. వ్యాజ్యం నడిచి, 2014లో టెలికాం ట్రైబ్యునల్ కంపెనీల పక్షాన తీర్పు ఇచ్చింది. కాబట్టి విలీనానికి నాలుగేళ్ల ముందే కాపురం చట్టబద్ధమైంది, పెళ్లిపత్రిక తరువాత అచ్చయింది. కొత్త పేరు వచ్చిననాడు అంతా కొత్తగా మొదలైనట్టు మోగిన బాజాలను ఈ దృష్టితో వినాలి.

దేశాంతర ప్రమాణం: బ్రిటన్‌లో ఆరెంజ్, టీ-మొబైల్ 2010లో కలిశాయి. అక్కడా ముందు ఒకరి సిగ్నలు ఒకరు వాడుకోనిచ్చి, రెండేళ్ల తరువాత 2012లో ‘ఈఈ’ అనే పేరు తెచ్చారు. అంటే పని ముందు, పేరు వెనుక అనేది సార్వత్రిక న్యాయం.

‘రెండు నొకటి యైన’. పూర్వపక్షం: రెండు కంపెనీలు కలిస్తే గీతలు రెట్టింపు కావాలి కదా, కవి అలా అనడేం? సిద్ధాంతం: కావు. గీతలు కూడికకు లొంగవు. ఫోను ఒక సమయంలో అన్నిటికంటే గట్టిగా వినిపించే టవరును ఎంచుకుని దాని గట్టిదనాన్ని గీతలుగా చూపిస్తుంది. ఎన్ని గట్టిదనాలకు ఎన్ని గీతలన్నది ఫోను తయారుచేసినవాడి ఇష్టం. ఒకే చోట ఒక ఫోను నాలుగు, పక్కది రెండు చూపడం అందుకే. కలయిక వల్ల పెరిగేది స్పెక్ట్రమ్, అనగా ఏకకాలంలో మోయగల బరువు. అదీ టవరు వెనక తీగ సరిగా ఉంటేనే. జూరాల జలాశయం నిండినంత మాత్రాన చివరి మడికి నీళ్లు రావు, కాలువ రావాలి.

ఇంకో చమత్కారం. 2014లో రాష్ట్రం రెండయింది. సెల్‌ఫోను లైసెన్సు సర్కిలు మాత్రం ‘ఆంధ్రప్రదేశ్’ పేరుతోనే ఒకటిగా మిగిలింది. మహబూబ్‌నగర్ నుంచి 2016 అక్టోబరు 11న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలయ్యాయి. బండ్ల మీద టీఎస్ అక్షరాలు 2024లో టీజీ అయ్యాయి. సిమ్ముకు ఇవేవీ పట్టలేదు. అలంపురం నుంచి తుంగభద్ర దాటి కర్నూలు పోయినా ఫోనుకు సరిహద్దు తెలియదు, రాయచూరు వైపు పోతే తెలుస్తుంది. ముక్కలైన రాష్ట్రం సర్కిలులో ఒకటిగా ఉంది; ఒకటైన కంపెనీ సిమ్ములో రెండుగా ఉంది. ఇది విరోధాభాసాలంకారమా, ప్రభుత్వ విధానమా అన్నది ఆలంకారికులు తేల్చాలి.

‘ఒకటి’ అన్న మాటకు మరో అర్థం ధ్వనిస్తోంది. కలిసిననాడు వారికి 40 కోట్ల పైచిలుకు ఖాతాలు, దేశంలో అందరికంటే ఎక్కువ. 2016 సెప్టెంబరులో జియో దిగడం కలయికకు కారణమైతే, 2019 అక్టోబరు 24న సుప్రీంకోర్టు ఇచ్చిన ఏజీఆర్ బకాయిల, అనగా రాబడిలో సర్కారుకు కట్టాల్సిన వాటా బాకీల, తీర్పు దానిమీద పడిన పిడుగు. ఖాతాలు సగానికి పడిపోయాయి. సర్కారుకు ఉన్న బాకీల్లో కొంత కేంద్రం వాటాలుగా మార్చుకోగా 2023లో మూడో వంతు, 2025లో సగానికి కాస్త తక్కువ సర్కారుదైంది. కనుక పద్యంలోని గీతలు రెండైతే అందులో ఒకటి ప్రజలదేనని వాదించే అవకాశం ఉంది.

‘రేయైనఁ బగలైన’. ఇక్కడ కవి జారాడు. గీతలు రాత్రీపగలూ ఒకేలా ఉండవచ్చుగాక, వేగం ఉండదు. ఊరంతా పడుకున్నాక అదే ఒక్క గీతతో సినిమా సాఫీగా నడుస్తుంది. సాయంత్రం ఏడింటికి నాలుగు గీతలున్నా చక్రం తిరుగుతూనే ఉంటుంది. కరెంటు పోయి, టవరు కింద బ్యాటరీలు అయిపోయి, జనరేటరులో డీజిల్ లేకపోతే రాత్రీ పగలూ రెండూ సున్నయే. అనుభవం లేక కాదు, యతికోసం అన్నాడని సరిపెట్టుకుందాం.

‘కేలనెత్త’. కేలు అనగా చేయి. ఫోను చేత పట్టి పైకెత్తడం, మిద్దె ఎక్కడం, చెరువు కట్ట మీద నిలబడటం అన్నీ ఇందులో ఇమిడిపోయాయి. ఇది మూఢాచారం కాదు. ఎత్తు పెరిగితే టవరుకు, ఫోనుకు నడుమ అడ్డు తగ్గుతుంది.

పాఠాంతరం. నాగర్‌కర్నూల్ జిల్లా అమ్రాబాద్ వైపు చివరి పాదం ‘గీత లసలె లేవు కేలనెత్త’ అని వినిపిస్తుంది. మన్ననూరు దాటి శ్రీశైలం దారిలో నల్లమల కమ్ముకున్నాక ఈ పాఠమే సమంజసం. పులుల అభయారణ్యంలో టవరు నిలపాలంటే కంపెనీ డబ్బొక్కటే చాలదు, అటవీశాఖ సమ్మతి కావాలి. నాలుగు చెంచు పెంటల (గూడేల) కోసం ఆ శ్రమపడే వ్యాపారి అరుదు. 2022లో కేంద్రం సిగ్నలు లేని ఊళ్లకు 4జీ ఇవ్వడానికి బీఎస్ఎన్ఎల్‌కు 26,316 కోట్ల పథకం మంజూరు చేసింది, అంటే ఈ పాఠం ఉన్నదని ప్రభుత్వమూ ఒప్పుకున్నట్టే. రెండు పాఠాలకూ గణాలు సరిపోయాయి, యతి చెడలేదు. ఏది అసలు మూలమో గద్వాలలో కూర్చున్న మేం చెప్పలేం, దోమలపెంట దాకా ఫోను చేతపట్టుకుని పోయివచ్చినవారు చెప్పాలి.