చిన్న ఆపరేషనేనండీ!

నాచారంలో ఎనిమిదేళ్ళ పిల్ల మణికట్టు మీద బఠాణీ గింజంత ఉబ్బు కనబడిందంటే, ఇక ఆ చెయ్యి ఆ పిల్లది కాదు. పొద్దున స్కూలు బస్సు దగ్గర ఎదురింటావిడ చూస్తుంది. మధ్యాహ్నం రెండో అంతస్తు ఆంటీ నొక్కి చూస్తుంది. సాయంత్రానికి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో, నీళ్ళ ట్యాంకరు రాలేదన్న ఫిర్యాదుకూ లిఫ్టు రిపేరు చందాకూ మధ్య, ఆ చెయ్యి ఫొటో ఎక్కుతుంది. రాత్రి అన్నాలయ్యేలోపు తీర్పు వెలువడుతుంది: "తీయించెయ్యండి. చిన్న ఆపరేషనే."

ఎవరికి చిన్నది అని గ్రూపులో ఒక్కరూ అడగరు. కోసేవాళ్ళకు గంటలోపు పని, నిజమే. పిల్లకు మాత్రం పొద్దున్నించి పస్తు, చేతికి సూది, ముఖానికి మాస్కు. పెద్దవాళ్ళకైతే చెయ్యి వరకే మొద్దుబార్చి కానిచ్చెయ్యొచ్చు. ఎనిమిదేళ్ళ పిల్ల కదలకుండా పడుకోదు కాబట్టి చాలావరకు పూర్తి మత్తే ఇస్తారు. లేచాక కట్టు, కుట్లు, కొన్నాళ్ళు మణికట్టు పట్టేసినట్టు ఉండటం, ఆపైన జీవితాంతం ఒక మచ్చ. ఇన్ని పడ్డాక కూడా గడ్డ మళ్ళీ రాదని రాసిచ్చేవాళ్ళు లేరు.

ఇంతకీ ఆ ఉబ్బు చేసిన నేరమేమిటి? కీలు సాఫీగా తిరగడానికి లోపల ఊరే జిగట ద్రవం, కీలు పొర నుంచో స్నాయువు మీది తొడుగు నుంచో బయటికి పొంగి ఒక సంచిలో చేరుతుంది. లోపల జెల్లీ లాంటి చిక్కటి పదార్థం, కింద కీలుకు అంటుకున్న సన్నటి కాడ. డాక్టర్లు గాంగ్లియాన్ అంటారు, అపార్ట్‌మెంటువాళ్ళు సిస్ట్ అంటారు, అమ్మమ్మలు కంతి అంటారు. మణికట్టు వెనకవైపు ఎక్కువగా వస్తుంది, నాడి చూసేవైపు కాస్త తక్కువగా. పెరుగుతుంది, తగ్గుతుంది, ఒక్కోసారి చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. ఇది క్యాన్సర్ కాదు, క్యాన్సర్‌గా మారదు. చీకటి గదిలో టార్చి ఆనించి చూస్తే వెలుగు అందులోంచి ఎర్రగా పారుతుంది. గట్టి కణితి అయితే పారదు. అనుమానం మిగిలితే ఒక అల్ట్రాసౌండ్ స్కానింగు. డాక్టరు చేతిలో ఐదు నిమిషాల్లో తేలే సంగతి ఇది.

2001లో అమెరికాలో ఇద్దరు డాక్టర్లు పదేళ్ళలోపు పిల్లలకు చేతుల మీద వచ్చే ఈ గడ్డల్ని ముట్టుకోకుండా గమనించి ఒక పరిశోధన ప్రచురించారు. పద్నాలుగు మంది పిల్లల్లో పదకొండు మందికి ఏడాదిలోపే అవి వాటంతటవే పోయాయి. పద్నాలుగు మందేనా, ఇదేం లెక్క అని గ్రూపు పెద్దలు పెదవి విరుస్తారు. వాళ్ళు తీర్పు ఇచ్చింది ఒకే ఒక్క కేసు మీద, అదీ 'మా తోడికోడలి చెల్లెలికి' అన్న కేసు మీద.

పెద్దల సంగతీ చూద్దాం. ఇంగ్లండులో లీసెస్టర్ డాక్టర్లు మణికట్టు వెనకవైపు గడ్డ ఉన్నవాళ్ళను రెండు వందలమందికి పైగా సగటున ఆరేళ్ళ దాకా గమనించి 2007లో లెక్కలు బయటపెట్టారు. సూదితో లాగించుకున్నవాళ్ళలో 58 శాతం మందికి గడ్డ తిరిగొచ్చింది. కోయించుకున్నవాళ్ళలో 39 శాతం మందికి తిరిగొచ్చింది. ఏమీ చేయించుకోనివాళ్ళలో దాదాపు సగం మందికి అదే పోయింది. ఇందులో నాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. అందరికంటే ఎక్కువ సంతృప్తిగా ఉన్నది కోయించుకున్నవాళ్ళేనట, గడ్డ తిరిగొచ్చినవాళ్ళతో సహా! అంటే డబ్బు పెట్టి జనం కొనుక్కునేది గడ్డ లేని చెయ్యి కాదు, ఏదో ఒకటి చేశామన్న తృప్తి. పెద్దవాళ్ళయితే కొనుక్కోనివ్వండి, చెయ్యీ వాళ్ళదే, తృప్తీ వాళ్ళదే. పిల్లల దగ్గరికొచ్చేసరికి తృప్తి తల్లిదండ్రులది, చెయ్యి పిల్లది.

మనవాళ్ళకు ఓపిక లేదని ఎవరన్నారు? ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఫ్లైఓవరు పని 2018లో మొదలైంది. స్తంభాలు లేచాయి, ఆగాయి. గుంతల్లో బళ్ళు పడ్డాయి, దుమ్ముతో ఊపిరితిత్తులు నిండాయి, వాన వస్తే వరంగల్ రోడ్డు చెరువయింది. ఏళ్ళ తరబడి ఒక్క మాట అనకుండా ఆ స్తంభాల పక్క నుంచే రోజూ ఆఫీసుకు పోయొచ్చిన మనిషి, పిల్ల మణికట్టు మీది ఉబ్బుకు ఆరు నెలలు ఆగమంటే మాత్రం డాక్టరు వంక అనుమానంగా చూస్తాడు. "ఐదొందలు తీసుకొని ఏం లేదన్నడు సార్, గీయన మంచి డాక్టరేనా?" అని హబ్సిగూడలో ఇంకో బోర్డు వెతుక్కుంటాడు. అక్కడా ఏం లేదంటే తార్నాక. ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి ఉందనే డాక్టరు దొరికేదాకా మెట్రో దారి పొడవునా తిరుగుతాడు. దొరికాక "ఆయన భలే కనిపెట్టాడు" అని కాళ్ళకు దండం పెడతాడు. ఈ బేరంలో ఆసుపత్రుల అత్యాశ ఎంతుందో, మన గిరాకీ కూడా అంతే ఉంది. ఏమీ చెయ్యక్కర్లేదని చెప్పే డాక్టరు వెయిటింగు హాల్లో ఈగలు తోలుకునే ఊళ్ళో, ఆయన ఎన్నాళ్ళు అదే మాట మీద నిలబడతాడు?

ఇలా డాక్టరు తర్వాత డాక్టర్ని అడుగుతూ పోతే కోతలు ఎక్కడ ఆగుతాయో 1934లో న్యూయార్కులో తేలింది. వెయ్యిమంది బడిపిల్లల్ని తీసుకుంటే ఆరు వందలకు పైగా పిల్లలకు అప్పటికే గొంతులో టాన్సిల్స్ తీసేసి ఉన్నాయి. మిగిలినవాళ్ళను డాక్టర్లకు చూపిస్తే సగానికి కాస్త తక్కువ మందికి తీసెయ్యాలన్నారు. బాగున్నారన్న పిల్లల్ని వేరే డాక్టర్లకు చూపించారు. వాళ్ళూ అందులో సగానికి కాస్త తక్కువ మందికి తీసెయ్యాలన్నారు. బాగున్నారని రెండుసార్లు తేలినవాళ్ళను మూడోసారి చూపిస్తే మళ్ళీ అదే వరస. చివరికి వెయ్యిమందిలో గొంతు క్షేమంగా మిగిలినవాళ్ళు అరవై అయిదుగురు. అక్కడితో ఎందుకు ఆగిందంటే, చూపించడానికి కొత్త డాక్టర్లు మిగల్లేదు. మన ఉప్పల్‌లో ఆ ఇబ్బంది లేదు. రింగురోడ్డు చుట్టూ ఒక్క చుట్టు తిరగండి, అరవై అయిదుగురు కూడా మిగలరు.

కోత అంటే మన రాష్ట్రానికి మొదట్నుంచీ ఒక మక్కువ. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. దేశం మొత్తానికి సగటు 21.5. మన ప్రైవేటు ఆసుపత్రుల వరకే తీస్తే 81.5. పంతులుగారు పెట్టిన ముహూర్తానికి కడుపు కోయించుకొని పుట్టించిన పిల్లకు, ఎనిమిదేళ్ళకు మణికట్టు కోయించడం ఆ ఇంటి ఆచారానికి కొనసాగింపే. ఆ పిల్ల తన ఇష్టానికి తాను చేసిన మొదటి పని బహుశా ఈ గడ్డే అయ్యుంటుంది. దాన్నీ ఉండనివ్వరు.

సరే, తొందర దేనికని అడగండి. ఇన్సూరెన్సు ఉంది కదా అంటాడు తండ్రి. కంపెనీ ఇచ్చిన పాలసీ త్వరలో అయిపోతుంది, ఏడాదంతా ఒక్క పైసా వాడుకోలేదు, ఎంత నష్టం! డే కేర్ ప్యాకేజీలో పొద్దున చేర్చి సాయంత్రం తెచ్చేసుకోవచ్చు. ఎండాకాలం సెలవులు కూడా కలిసొస్తాయి, క్లాసు పోదు. క్లాసు పోకపోవడం ముఖ్యం. ఎందుకంటే ఆ పిల్ల మూడో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ చదువుతోంది. రోజుకు నాలుగు నోటుపుస్తకాలు నింపుతుంది. "చెయ్యి గుంజుతోంది మమ్మీ" అని పిల్ల అంటే, మణికట్టును కొన్నాళ్ళు ఆడించకుండా పట్టీ వేసి ఉంచితే నొప్పి తగ్గుతుందని డాక్టరు చెబుతాడు. ఆ మాట పట్టుకెళ్ళి హోంవర్కు తగ్గించమని స్కూల్లో అడిగే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. మత్తు డాక్టరు ముందు అంగీకారపత్రం మీద సంతకం పెట్టే ధైర్యం మాత్రం ఇద్దరికీ ఉంది.

నాయనమ్మ కారణం ఇంకా లోతైంది. "ఆడపిల్లకి చేతి మీద గట్ల గడ్డ ఉంటే రేపు చూడొచ్చినోళ్ళు ఏమంటరు బిడ్డా? గాజులెట్ల ఎక్కుతయ్?" ఆ రేపు రావడానికి కనీసం పదిహేనేళ్ళుంది. పదిహేనేళ్ళ తర్వాత వచ్చే పెళ్ళిచూపుల కోసం, ఏడాదిలో పోయేదాన్ని, ఎప్పటికీ పోని మచ్చతో మార్పిడి చేస్తున్నాం. నాయనమ్మను తప్పుపట్టను, ఆమెకు తెలిసిన లోకంలో ఆడపిల్ల చేతిని చూసేవాళ్ళకు లోటు లేదు. కోడలికి ఇంజినీరింగు డిగ్రీ ఉంది, అల్గారిథమ్ రాస్తుంది, ఆమే తలూపింది.

కత్తికి ఎదురు నిలిచే రెండో వర్గం ఒకటుంది, వాళ్ళను చూసి మురిసిపోకండి. సూది కాల్చి గుచ్చితే కారిపోతుందంటాడు ఒకాయన. కీలులోకి చీము పట్టించడానికి అంతకంటే దగ్గర దారి లేదు. రూపాయి బిళ్ళ పెట్టి బిగించి కట్టమంటాడు మరొకాయన. ఇంగ్లీషు దేశాల్లో పాతరోజుల్లో ఇంట్లో ఉన్న బరువైన పుస్తకం, అంటే బైబిల్, తీసుకొని గడ్డ మీద గట్టిగా మోదేవారట, పగిలిపోతుందని. ఆ వైద్యంలో గడ్డ కాకుండా ఎముక విరిగే అవకాశమూ ఉండేది. మన ఇళ్ళల్లో నిఘంటువులు, మహాభారతాలు కనుమరుగవడం పిల్లల చేతులకు జరిగిన మేలు. ఇంట్లో మిగిలిన బరువైన పుస్తకం ఆ ఫౌండేషన్ మెటీరియలే, దాన్ని పిల్ల ఎలాగూ మోస్తూనే ఉంది.

తియ్యటి తెల్ల మాత్రలవాళ్ళు వీళ్ళకంటే తెలివైనవాళ్ళు. మూడు నెలలు వాడండి, తగ్గకపోతే ఇంకో మూడు నెలలు అంటారు. దానంతటదే పోయే గడ్డకు ఇంతకంటే గిట్టుబాటయ్యే వైద్యం ఉంటుందా? పోయిన రోజున ఎవరి మందు వాడుతుంటే వాళ్ళదే ఘనత: ఆముదం పూస్తుంటే ఆముదానిది, తాయెత్తు కడితే తాయెత్తుది, మాత్రలు మింగితే మాత్రలది. నాచారం పారిశ్రామికవాడలో షిఫ్టుల పని చేసే కార్మికుడి పిల్లకు ఇదే గడ్డ వస్తే ఏమవుతుంది? ఈఎస్ఐ ఆసుపత్రికి తీసుకెళ్ళాలనుకుంటాడు, సెలవు దొరకదు. వచ్చే వారం అనుకుంటాడు, ఓవర్‌టైం పడుతుంది. పండక్కి గుర్తొచ్చి చూస్తే చేతి మీద ఏమీ ఉండదు. వైద్యశాస్త్రం చెప్పినదాన్ని అక్షరాలా పాటించిన ఏకైక తండ్రి అతనే. ఆ సంగతి అతనికి చెప్పినవాళ్ళు లేరు, గ్రూపులో అతని నంబరూ లేదు.

కత్తి అవసరమయ్యే గడ్డే లేదని నేను అనడం లేదు. రాసేటప్పుడు, ఆడేటప్పుడు నొప్పి మానకుండా వేధిస్తుంటే, వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే, పట్టు తప్పుతుంటే, గడ్డ వేగంగా పెరుగుతున్నా రాయిలా గట్టిగా ఉన్నా, వెలుగు పారకపోయినా, ఎర్రబడి జ్వరం వచ్చినా వాట్సాప్ వదిలేసి డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిందే. ఏడాది ఆగినా పోక, పిల్లే ఇబ్బంది పడుతుంటే తీయించడంలో తప్పేమీ లేదు. అప్పుడు కూడా చేతుల ఆపరేషన్లు నిత్యం చేసే సర్జన్‌ను వెతుక్కోవాలి, ఎందుకంటే సంచి తీసి కాడ వదిలేస్తే అది మళ్ళీ మొలుస్తుంది. నాడివైపు గడ్డ అయితే పక్కనే రక్తనాళం ఉంటుంది. ఇవన్నీ అడిగి తెలుసుకునే తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్ళ ఫొటోలు గ్రూపులో రావు కాబట్టి మనకు తెలియదు.

ఏదో ఒకటి చేస్తే తప్ప నిద్రపట్టని మిగతావాళ్ళ కోసం ఆసుపత్రుల యాజమాన్యాలకు నాదొక మనవి. 'ఎదురుచూపు ప్యాకేజీ' అని ఒకటి పెట్టండి. పొద్దున ఏడింటికి అడ్మిషన్, పిల్ల చేతికి రంగు రిబ్బను, పచ్చ గౌనులో తల్లిదండ్రులతో ఒక ఫొటో. స్కేలు పెట్టి గడ్డ కొలత, టార్చి వేసి ఒక వీడియో. తర్వాత ఏసీ గదిలో సాయంత్రం దాకా ఏమీ చెయ్యకుండా పరిశీలన, మధ్యలో చుట్టాలు పళ్ళు తేవడానికి గంటసేపు అనుమతి. వెళ్ళేటప్పుడు నాలుగు పేజీల డిశ్చార్జి సమ్మరీ, మూడు నెలలకోసారి మళ్ళీ కొలత. ఇన్సూరెన్సువాళ్ళు ఒప్పుకుంటే నగదు రహితం. ముహూర్తం చూసి చేర్చుకోవాలంటే ఛార్జీ వేరే.