మా ఊరి మంచుకి టికెట్ ఎంత పెడతారు?

సరిహద్దు పల్లెల్ని స్విట్జర్లాండ్ చేస్తామని మళ్లీ సెలవిచ్చారు, విన్నారుగా. అన్నది ఎవరని అడక్కండి, ఇంతవరకూ అనని పార్టీ ఏదో చెప్పండి చాలు. ఇంకా చేసేదేముంది సార్? మా అత్తిమంజేరిపేట ఎప్పుడో ఆల్ప్స్‌లో కలిసిపోయింది. మీకే కబురు అందలేదు.

కొండ కావాలా? తిరుత్తణి కొండ ఉంది, 365 మెట్లతో. సరస్సుకి బదులు కుశస్థలి నది. ఏడాదిలో చాలా నెలలు కాళ్లు తడవకుండా దాటొచ్చు, పడవ ఖర్చు మిగులు. చరిత్రంటారా, 1960 ఏప్రిల్ 1న మా పెద్దలు గడప దాటకుండానే ఆంధ్ర నుంచి మద్రాసు రాష్ట్రానికి ప్రయాణం చేశారు. అంత చవకైన టూరు ఏ ఏజెన్సీ వేస్తుంది?

ఇక మంచు. కత్తిరి ఎండల్లో తిరుత్తణి పేరు వాతావరణ వార్తల్లో మోగిపోతున్నప్పుడు కూడా మాకు మంచు కురుస్తూనే ఉంటుంది. పవర్‌లూమ్ షెడ్డు తలుపు తీసి చూడండి. తెల్లగా, మెత్తగా గాల్లో తేలుతుంది. కనుబొమ్మల మీద, క్యారియర్ మూత మీద వాలుతుంది. పొద్దున నల్లజుట్టుతో లోపలికెళ్లిన కుర్రాడు సాయంత్రం తలపండిన తాతలా బయటికొస్తాడు. ఇంత మంచి సెల్ఫీ ఆల్ప్స్‌లో మాత్రం దొరుకుతుందా?

అందుకే మాకు రద్దీ భయం పట్టుకుంది. ఆస్ట్రియాలో హాల్‌స్టాట్ అనే పాత ఉప్పుగనుల ఊరుంది. ఎనిమిది వందలమందైనా లేని ఆ ఊరి మీద సీజన్లో రోజుకి పదివేలమంది పడతారు. సెల్ఫీల గోల భరించలేక 2023లో చెక్క కంచె కట్టి, విమర్శలొస్తే పీకేశారు. చైనావాళ్లయితే 2012లో ఆ ఊరికి నకలే కట్టుకున్నారు. కాబట్టి సార్, ముందు మాకో కంచె శాంక్షన్ చేయించండి. షెడ్డుకింత అని ప్రవేశ రుసుము, దగ్గు వినాలంటే అదనం. నకలు కట్టేవాళ్లకి ఒక హెచ్చరిక: షెడ్డుని దించొచ్చు, మగ్గాన్ని దించొచ్చు, మా కూలిని మాత్రం దించకండి. ఆ డబ్బుకి అక్కడ మనుషులు దొరకరు.

ఈ మంచు కరగదు సార్. అది నూలు దుమ్ము. ఊపిరితిత్తుల్లోకి దిగి అక్కడే ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని పీల్చిన మనిషి నాలుగు మెట్లెక్కి ఆయాసంతో కూలబడతాడు. కూలి పెంచమని మగ్గాలు ఆపి రోడ్డు మీద కూర్చున్నవాళ్ల దగ్గరికి మీ స్విట్జర్లాండ్ ఎందుకు రాలేదు? మీరు మైకు ముందు సవరించుకునే తెల్ల పంచె ఎవరి ఊపిరి తీసుకుని అంత తెల్లగా ఉందో ఎప్పుడైనా అడిగారా? సిగ్గుండాలి.

వచ్చే సభకి ముందు ఊపిరితిత్తుల పరీక్ష చేసే డాక్టర్ని పంపండి. షెడ్లలో దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టించండి. ఒప్పుకున్న కూలి కాగితం మీద రాయించండి. స్విట్జర్లాండ్ సంగతి తర్వాత చూద్దాం.